పరుగుకి ముందు పక్కన నడక

చిరంజీవి బాబుకు,
పెదనాన్న ఆశీస్సులు.

మీ ల్యాబ్రడార్‌కి పదకొండో నెల వచ్చిందనీ, పొద్దున్నే దాన్ని తీసుకుని పరిగెత్తాలని ఉందనీ, గేటు దాటితే చాలు ఉడత అనీ కోడి అనీ చెత్తకుండీ అనీ తలోవైపు లాగేస్తోందనీ రాశావు. కుక్కకి పరుగు ఎవరూ నేర్పనక్కర్లేదు. నేర్పాల్సింది మన పక్కన ఉండటం. నడకలో రానిది పరుగులో రాదు.

ముందు వయసు సంగతి. పెద్ద జాతుల్లో ఎముకల చివర పెరిగే మెత్తటి భాగం గట్టిపడేసరికి ఏడాది, ఏడాదిన్నర అవుతుంది. ఈలోగా తారురోడ్డు మీద ఆపకుండా పరిగెత్తిస్తే కీళ్లు దెబ్బతింటాయి. 18 నెలలు నిండేదాకా మధ్యమధ్య చిన్న చిన్న పరుగులే పెట్టు. ఆ తర్వాత పశువుల డాక్టరుకి తుంటి కీళ్లు, గుండె చూపించి, ఆయన సరేనన్నాకే దూరం పెంచు. ఈ ఏడు నెలలూ చేతిలో ఉండటం నీ అదృష్టం, పని అంతా ఇప్పుడే ఉంది.

మెడ బిగించే గొలుసు వాడకు, గొంతు నలుగుతుంది. ఛాతీ మీద ఇంగ్లీషు వై ఆకారంలో ఉండి, భుజాలకి అడ్డు రాని హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) కొను. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. లీష్, అంటే కుక్కని పట్టుకునే తాడు, రెండు మీటర్లు చాలు. బటన్ నొక్కితే సాగే రకం వద్దు, అది ఎప్పుడూ కొంచెం బిగువుగానే ఉంటుంది కాబట్టి లాగితేనే ముందుకెళ్తామని కుక్క నేర్చుకుంటుంది. నడుముకి కట్టుకునే బెల్టు తర్వాత సంగతి. లాగే కుక్కని నడుముకి కట్టుకుంటే పడేది నువ్వే.

తాయిలంగా ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం బఠాణీ గింజంత ముక్కలు చెయ్యి. ఆ మేరకు పూట తిండి తగ్గించు. ఎండుద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ దాని నోటి దగ్గరికి రానివ్వకు, అవి కుక్కలకి విషం.

ఏ పక్కన పరిగెత్తాలో మొదటి రోజే తేల్చుకో. ఎడమ పక్కే అని చాలామంది నేర్పుతారు. కానీ ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే బళ్లు కనపడేలా కుడి అంచున పరిగెత్తితే, ఎడమ పక్కనుంచే బళ్లు పోతాయి. అప్పుడు కుక్క నీ కుడి పక్కనే ఉండాలి. ఒకసారి ఎంచుకున్న పక్కని మార్చకు.

మొదటి వారం ఇంట్లోనే. హాల్లో నడుస్తూ ఉండు, అది నీ కాలి పక్కకి వచ్చిన క్షణాన ‘భేష్’ అని, ముక్కని నీ ప్యాంటు కుట్టు దగ్గర పట్టుకుని తినిపించు. ముక్క ఎక్కడ దొరికితే కుక్క అక్కడికే వస్తుంది. ముందుకి చెయ్యి చాపి పెట్టావంటే రేపు పరుగులో అది నీ కాళ్లకి అడ్డం వస్తుంది. చాలామంది బోర్లా పడేది ఈ ఒక్క పొరపాటుతోనే. ఒక్కో విడత మూడు నిమిషాలు, రోజుకి నాలుగు విడతలు. అంతకు మించితే కుర్రకుక్కకి మనసు నిలవదు.

రెండో వారం మేడ మీద, మూడో వారం వీధిలో. లీష్ బిగిసిందా, మాట్లాడకుండా వెనక్కి తిరిగి నడు. నీ పక్కకి చేరగానే ‘భేష్’. బిగిసినా ముందుకి ఒక్క అడుగు వేశావంటే లాగడానికి నువ్వే జీతమిచ్చినట్టు. అలాగని వాసన చూడటం మొత్తానికే మాన్పించకు. దానికి లోకం తెలిసేది ముక్కుతోనే. యాభై అడుగులు పక్కన నడిస్తే ‘చూసుకో’ అని లీష్ వదులు చేసి అర నిమిషం వాసన చూడనివ్వు, తర్వాత ‘పద’. కోడిమాంసం కంటే ఇదే పెద్ద బహుమానం అనిపించే కుక్కలు చాలా ఉన్నాయి.

మనసు చెదరడం మొండితనం కాదు, దూరం లెక్క. ముప్పై మీటర్ల అవతల పిల్లిని చూసి కూడా నీ చేతిలో ముక్క తింటే ఆ దూరం సరైనది. ముక్క వైపు తల తిప్పకపోతే మరీ దగ్గరికి వెళ్లావన్నమాట. అరవకు, పిలవకు, ఇంకో పది మీటర్లు వెనక్కి రా. ఆ దూరంలో నాలుగు రోజులు నెగ్గితే రెండు మూడు మీటర్లు తగ్గించు.

నడకలో వరసగా వంద అడుగులు లీష్ బిగియకుండా వస్తే పరుగు మొదలుపెట్టొచ్చు. ‘పరుగు’ అని ఇరవై అడుగులు మెల్లగా పరిగెత్తి, ‘నెమ్మది’ అని నలభై అడుగులు నడువు. ఇలా ఆరుసార్లు, వారానికి మూడు రోజులే. నువ్వు పరుగందుకోగానే ఎగిరి లీష్ కొరికితే అది ఆట అనుకుంటోందని అర్థం. ఆగి నాలుగు ముక్కలు నేల మీద చల్లు. తల దించి వెతుక్కునేసరికి ఉద్రేకం దిగుతుంది. మళ్లీ పది అడుగులతో మొదలుపెట్టు.

వీధికుక్కల గుంపు కనిపిస్తే పరుగు ఆపి, లీష్ బిగియనివ్వకుండా దూరంగా చుట్టు తిరిగి నడిచి వెళ్లు. పరిగెత్తేదాన్ని తరమడం వాటి నైజం. రేబిస్ టీకా గడువు దాటనివ్వకు.

ఎండ విషయంలో మాత్రం నా మాట కచ్చితంగా విను. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఒళ్లు చల్లబరుచుకోవడానికి రొప్పడమే దానికి ఉన్న ముఖ్యమైన దారి. గాలిలో తేమ ఎక్కువుంటే అదీ సరిగా పనిచెయ్యదు. పొద్దున ఆరున్నరలోపు ముగించు. అరచేతి వెనకభాగం రోడ్డుకి ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ రోజు పరుగు లేదు. ఏప్రిల్, మే నెలల్లో నడక చాలు. నాలుక బాగా వెడల్పై, చిక్కటి చొంగ కారి, చిగుళ్లు ఎర్రబడి, తూలితే వడదెబ్బ. వెంటనే నీడకి చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చేస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. తడిగుడ్డ కప్పి వదిలెయ్యకు, వేడి లోపలే ఉండిపోతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పొయ్యకు.

తిన్నాక మూడు గంటలదాకా పరుగు వద్దు, పరుగయ్యాక గంటదాకా తిండి వద్దు. ఇంటికి రాగానే అరికాళ్లు, వేళ్ల సందులు, చెవుల వెనక తడిమి చూడు. గోమారి కనిపిస్తే తీసెయ్యి. హుషారుగా ఉండే కుక్క ఒకరోజు పరుగుకి రానని మొరాయిస్తే బద్ధకం అనుకోకు, ఒళ్లు వేడిగా ఉందేమో చూసి రక్తపరీక్ష చేయించు. గోమార్లతో వచ్చే జ్వరం మన వైపు ఎక్కువ.

వీధిలోకి తీసుకెళ్లిన రోజునుంచీ వంద అడుగుల్లో లీష్ ఎన్నిసార్లు బిగిసిందో, దేన్ని చూసి బిగిసిందో ఒక కాగితం మీద రాసుకో. రెండు వారాలయ్యాక ఆ కాగితం ఫొటో తీసి పంపు, తర్వాత ఏం మార్చాలో అది చూసి చెప్తాను.

ఇట్లు,
పెదనాన్న