సూర్యుడుండగానే భూమి ఎండిపోతుందా?

ప్రశ్న: సూర్యుడికి ఇంకా 500 కోట్ల ఏళ్ల ఆయుష్షు ఉందంటారు. భూమి మీద జీవం కూడా అన్నాళ్లూ ఉంటుందా?

జవాబు: ఉండదు. సూర్యుడు ఆరిపోవడం కాదు, నానాటికీ ప్రకాశం పెరగడమే అసలు చిక్కు. సూర్యుడి గర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారేకొద్దీ కణాల సంఖ్య తగ్గుతుంది. పైభారం మోయడానికి గర్భం కుంచించుకుపోయి మరింత వేడెక్కుతుంది, సంలీనం (హైడ్రోజన్ హీలియంగా మారే ఈ ప్రక్రియ) జోరందుకుంటుంది. పుట్టినప్పటికన్నా సూర్యుడిప్పుడు దాదాపు 30 శాతం ఎక్కువ వెలుగుతున్నాడు. ఇకపై 100 కోట్ల ఏళ్లకు సుమారు 10 శాతం చొప్పున పెరుగుతాడు.

ఇన్నాళ్లూ భూమిని కాపాడింది రాళ్లే. వాన నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పలుచని ఆమ్లమై సిలికేట్ శిలలను తినేస్తుంది. ఊడిన కాల్షియం నదుల వెంట సముద్రం చేరి, అడుగున సున్నపురాయిగా పేరుకుంటుంది. భూఫలకాల అంచుల్లో అది లోపలికి దిగి, అగ్నిపర్వతాల నుంచి మళ్లీ వాయువుగా బయటికొస్తుంది. వేడి పెరిగితే శిలలు త్వరగా అరిగి గాలిలో ఆ వాయువు తగ్గుతుంది, చలి పెరిగితే పోగవుతుంది. (ఇప్పుడు మనం వదిలే పొగను కూడా ఇదే సర్దేస్తుందని మురిసిపోకండి, దానికి లక్షల ఏళ్లు కావాలి.)

సూర్యుడు వేడెక్కేకొద్దీ ఈ సర్దుబాటుకి మూల్యం మొక్కలు చెల్లించాలి, ఎందుకంటే తగ్గిపోయే ఆ కార్బన్ డయాక్సైడే వాటికి ఆహారం. ఇప్పుడు గాలిలో ఆ వాయువు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) పైనే ఉంది. సుమారు 150కి పడితే వరి, గోధుమ, చాలా రకాల చెట్లు బతకడం కష్టం. మొక్కజొన్న, చెరకు తరహావి 10 దాకా నెట్టుకొస్తాయి. శాస్త్రవేత్తలు కాల్డీరా, కాస్టింగ్ 1992లో వేసిన లెక్క ప్రకారం జీవావరణానికి గడువు 90 నుంచి 150 కోట్ల ఏళ్లు. మొక్కలు పోతే ఆక్సిజన్ కూడా పోతుంది. ఆక్సిజన్ నిండిన గాలి ఇంకో 108 కోట్ల ఏళ్లు ఉండొచ్చని 2021లో ఓజాకి, రైన్‌హార్డ్ అంచనా కట్టారు.

ప్రశ్న: సముద్రాలు సలసల మరిగిపోతాయా?

జవాబు: మరగనక్కర్లేదు. ఇప్పుడు పైకెళ్లే ఆవిరి పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తులో చలికి గడ్డకట్టి కిందికే వచ్చేస్తోంది. నేల బాగా వేడెక్కితే ఆ చలిపొర పనిచెయ్యదు. ఆవిరి స్ట్రాటో ఆవరణం దాటి వెళ్తుంది, అతినీలలోహిత కిరణాలు దాన్ని చీలుస్తాయి, తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోతుంది. పోయిన హైడ్రోజన్ తిరిగి రాదు, అంటే ఆ మేరకు నీరు పోయినట్టే.

ప్రశ్న: భూమినే కాస్త దూరం జరపలేమా?

జవాబు: లెక్క చిన్నదే. వెలుగు 10 శాతం పెరిగితే దూరం 5 శాతం, అంటే 75 లక్షల కిలోమీటర్లు పెంచితే చాలు. వంద కిలోమీటర్ల స్థాయి అంతరిక్ష శిలను భూమికి ముందువైపుగా పోనిస్తే అది భూమిని కొద్దిగా ముందుకి లాగుతుంది, కక్ష్య పెద్దదవుతుంది. శిల పోగొట్టుకున్న శక్తిని బృహస్పతి దగ్గర తిరిగి తెచ్చుకోవాలి. 2001లో కోరికాన్‌స్కీ, లాఫ్లిన్, ఆడమ్స్ ప్రతిపాదించిన పద్ధతి ఇది: సగటున 6 వేల ఏళ్లకోసారి చొప్పున, సుమారు పది లక్షల సార్లు. భౌతికశాస్త్రం ఒప్పుకుంటుంది, గురే ఒప్పుకోదు. ఒక్కసారి తప్పి శిల భూమిని ఢీకొన్నా కాపాడబోయిన జీవమే పోతుంది. పైగా చంద్రుడు వెంట రాకపోవచ్చు. అప్పుడు భూమి అక్షం వంపుకి ఇప్పుడున్న నిలకడ ఉండదు.