ఆరేళ్ల బాబుకి యాప్‌తో జర్మన్ వస్తుందా?

వరంగల్ నుంచి ఒక తల్లి ప్రశ్న: "మా బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. పెద్దయ్యాక కెరీర్‌కి పనికొస్తుందని ఫోన్‌లో యాప్ వేసి జర్మన్ మొదలుపెట్టించాం. రోజూ చేస్తున్నాడు, రంగులు, పండ్ల పేర్లు టకటకా చెప్పేస్తాడు. కానీ స్టుట్‌గార్ట్‌లో ఉండే మా ఆడపడుచు, వాళ్ల ఏడేళ్ల పాప మొన్న వీడియో కాల్‌లో జర్మన్‌లో పలకరిస్తే వీడు నోరు మెదపలేదు. యాప్‌లతో అసలు భాష వస్తుందా? ఏడాది ప్లాన్ కట్టమంటారా? జర్మన్ బదులు జపనీస్ పెట్టించాలా?"

ముందుగా, టెన్షన్ పడకండి. మీ బాబులో లోపం ఏమీ లేదు. యాప్ ఇన్నాళ్లూ వాడితో చేయించింది బొమ్మను గుర్తుపట్టడం, అది వాడు బాగానే చేస్తున్నాడు. ఎదుటి మనిషి అడిగితే బదులివ్వడం వేరే పని, దాన్ని వాడితో ఇంతవరకు ఎవరూ చేయించలేదు.

ఈసారి వాడి పక్కన కూర్చుని వేళ్లు గమనించండి. ఒక పదం వినిపిస్తుంది, కింద ఆపిల్, పాలు, రొట్టె బొమ్మలుంటాయి. పాలు, రొట్టె ఇందాకే అయిపోయాయి కాబట్టి మిగిలింది ఆపిలే అని నొక్కేస్తాడు, టింగుమంటుంది, తర్వాతది వస్తుంది. ఈ లెక్క పిల్లలు చాలా తొందరగా పట్టేస్తారు, పదం వినకపోయినా జవాబు కరెక్టే అవుతుంది. నిజంగా వచ్చిందో లేదో తెలియాలంటే ఫోన్ బోర్లా పెట్టి శబ్దం ఒక్కటే వినిపించండి, వంటింట్లోకి వెళ్లి ఆ వస్తువు తెచ్చి ఇమ్మనండి. తెస్తే వచ్చినట్టే. ఇంకో సంగతి, మీరు పెట్టింది ఇంగ్లిష్ ద్వారా జర్మన్ నేర్పే కోర్సు అయితే దాన్ని మార్చేయండి. ఇంగ్లిష్ వాక్యం కూడబలుక్కుని చదివే వయసులో ఆ ఇంగ్లిష్‌లోంచి జర్మన్‌లోకి వెళ్లమనడం పిల్లాడికి చాలా భారం. చదవాల్సిన పని లేకుండా పాటలు, కథలు, మాటలు వినిపించే యాప్ చూసుకోండి.

భాష విషయంలో తెరకీ మనిషికీ ఎంత తేడా ఉందో అమెరికాలో ఒక పరిశోధనలో బాగా బయటపడింది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన పని అది. ఇంట్లో ఇంగ్లిషే వినే తొమ్మిది నెలల పిల్లలతో చైనీస్ మాట్లాడేవాళ్లు 12 సార్లు ఆడారు, పుస్తకాలు చదివి వినిపించారు. ఆ పిల్లలు చైనీస్ శబ్దాల్లో తేడాలు పట్టుకోగలిగారు. ఇంకో గుంపు పిల్లలకు అదే ఆటని, అదే చదువుని వీడియోలో చూపిస్తే ఏమీ రాలేదు. మీ బాబు అంత చిన్నవాడు కాదు, తెర మీంచి కొన్ని పదాలు నేర్చుకుంటాడు, నేర్చుకుంటున్నాడు కూడా. కానీ తను మాట్లాడితే బదులు పలికే మనిషి అవసరం ఆరేళ్లకీ తగ్గదు, ఆ మనిషి మీకు స్టుట్‌గార్ట్‌లో ఉన్నారు. ఇంతమంది తల్లిదండ్రులు నాకు రాస్తుంటారు, మేనత్త, మేనత్త కూతురు ఆ భాషలోనే బతుకుతున్న ఇల్లు దొరకడం చాలా అరుదు, దయచేసి దీన్ని వదులుకోకండి.

ఆదివారం మన మధ్యాహ్నం మూడు గంటలకు అక్కడ ఎండాకాలంలో పదకొండున్నర, చలికాలంలో పదిన్నర అవుతుంది, పిల్లలిద్దరూ మెలకువగా ఉండే టైమే. కాల్ పావుగంట చాలు. "ఏదీ, అత్తయ్యకి జర్మన్‌లో చెప్పు" అని మాత్రం అనకండి, ఆ మాటకే బిగుసుకుపోతాడు. ఇద్దరి చేతుల్లో బొమ్మలు పెట్టి దాచుకోనివ్వండి, రంగు చెప్పి కనిపెట్టే ఆట ఆడనివ్వండి. మొదట్లో తెలుగూ జర్మనూ కలిపేస్తారు, కలపనివ్వండి. ఉచ్చారణ కూడా అక్కడే సర్దుకుంటుంది. జర్మన్‌లో ఆకుపచ్చకి 'గ్రూన్' అంటారు గానీ ఆ ఊ మన ఊ కాదు, 'ఊ' అన్నట్టు పెదాలు గుండ్రంగా పెట్టి లోపల 'ఈ' అనాలి. యాప్ మైకు ఈ తేడా పట్టుకోకుండా పాస్ చేసేయవచ్చు, ఆ పాప మాత్రం నవ్వేసి తన పెదాలు చూపిస్తుంది.

వారం మధ్యలో యాప్ రోజుకి పది, పదిహేను నిమిషాలు, మీరు పక్కనుంటేనే. పేర్లు విడిగా కాకుండా ముందుండే చిన్న మాటతో కలిపి పలికించండి: డేర్ ఆప్ఫెల్, డీ మిల్ష్, డాస్ బ్రోట్. ఈ డేర్, డీ, డాస్ పెద్దయ్యాక కంఠతా పట్టేవాళ్లకు చుక్కలు చూపిస్తాయి, చిన్నప్పుడు జంటగా విన్న పిల్లలకు అలాగే నోటికి వచ్చేస్తాయి. వరసగా ఇన్ని రోజులు చేశావని యాప్ చూపించే లెక్క కోసం జ్వరంలోనో పెళ్లింట్లోనో వాడి చేతికి ఫోన్ ఇవ్వకండి. ఆ లెక్క తెగిపోయినా నేర్చుకున్న భాష ఎక్కడికీ పోదు.

ఇక కెరీర్ సంగతి. ఆరేళ్లకి మొదలుపెట్టకపోతే బండి తప్పిపోతుందన్న భయం వద్దు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ పూర్తిచేసినవాళ్లకు జర్మన్ నేర్పించి జర్మనీకి పంపుతోంది, వాళ్లలో చాలామంది ఇరవై దాటాకే ఆ భాష మొదటిసారి విన్నవాళ్లు. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఇంటర్ తర్వాత విదేశీ భాషల్లో డిగ్రీ చేయొచ్చు. 2018లో లక్షల మంది ఆన్‌లైన్ జవాబులతో చేసిన ఒక అధ్యయనంలో వ్యాకరణం పట్టుకునే శక్తి దాదాపు 17 ఏళ్ల దాకా బాగా ఉంటుందని తేలింది. చిన్నప్పుడు మొదలుపెడితే ప్రధానంగా కలిసొచ్చేది ఉచ్చారణ, మాట్లాడటానికి బెరుకు లేకపోవడం. వ్యాకరణం, రాత తర్వాత నేర్చుకోవచ్చు. జర్మన్ నేర్పే గోథే సంస్థ వాళ్ల 'ఫిట్ ఇన్ డాయిచ్' పరీక్ష పదేళ్ల నుంచి పిల్లలకు ఉంది, వాడికి ఇష్టం ఉంటే అప్పుడు హైదరాబాద్ గోథే సెంటర్‌లో కనుక్కోండి. అప్పటిదాకా సర్టిఫికెట్ల మాటే ఎత్తకండి.

జర్మనా, జపనీసా అంటే, మీ ఇంటి వరకు జర్మనే, మాట్లాడే మనుషులున్నారు కాబట్టి. పదిహేనేళ్ల తర్వాత ఏ భాషకి ఎంత గిరాకీ ఉంటుందో చూసి ఇప్పుడు ఎంచుకోవడం కుదిరే పని కాదు. ఈ హడావిడిలో తెలుగు చదవడం మాత్రం ఆపకండి. రాత్రి నాన్నమ్మ చెప్పిన కథ తిరిగి పూర్తి వాక్యాల్లో చెప్పగలిగే పిల్లాడు ఇంకో భాషలోనూ వాక్యం కట్టగలుగుతాడు.

ఏడాది ప్లాన్ ఇప్పుడే కట్టకండి. మూడు నెలలు ఉచితంగా వచ్చేదాంతోనే నడిపి, ఆదివారం కాల్‌లో వాడంతట వాడు జర్మన్ మాటలు వాడుతున్నాడా లేదా చూసి నిర్ణయించుకోండి. ట్రయల్ ఆన్ చేసి ఉంటే గుర్తుంచుకోండి, ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి విడిగా క్యాన్సిల్ చేయాలి.