గేట్‌వే పెట్టబోతున్న మేనకోడలికి

బుజ్జీ,

ఆసుపత్రి ఫోన్లన్నీ కొత్త గేట్‌వే మీదికి, అంటే వాటిని బయటి లైన్లకి కలిపే పెట్టె మీదికి, మార్చే పని నీ ఒక్కదానికే అప్పజెప్పారని అక్క ఫోన్‌లో చెప్పింది. ఆవిడకి అర్థమైంది "ఆదివారం రాత్రంతా డ్యూటీ" అన్నంతవరకే. మిగతాదంతా నాకు అర్థమై నిద్ర పట్టలేదు. గర్వంగా లేదని కాదు, వీధిలో అందరికీ చెప్పేశాను కూడా.

పాత కాన్ఫిగ్ (సెట్టింగులన్నీ) బ్యాకప్, పాస్‌వర్డులు, గడియారం సరిచేయడం నీకు నేను చెప్పక్కర్లేదు.

ముందు 108, 112 చూడు. వార్డు ఎక్స్‌టెన్షన్లు, అదే లోపలి నంబర్లు, 1తో మొదలుపెట్టకు. 1081 అని గది నంబరు ఇచ్చావనుకో, మామూలు ఫోన్‌లో 108 నొక్కగానే గేట్‌వే కాల్ పంపేస్తుంది, ఆ గదికి ఇక రింగే వెళ్లదు. ఎవరో ఒకరు దాన్ని బాగుచేయబోయి 108నే పీకేస్తారు. ఈ రెండు నంబర్లూ ల్యాండ్‌లైన్ ట్రంకు (బయటికి పోయే లైన్ల కట్ట) మీదే పోవాలి, ఇంటర్నెట్ పడిపోయినా పనిచేయాలి. ఏ నంబరు ఏ దారిన పోవాలో చెప్పే రూలు డయల్ పీర్, ఇది మామూలు ల్యాండ్‌లైన్‌కి రాసే పాట్స్ డయల్ పీర్ కదా, ప్యాటర్న్‌లో, అంటే నంబరు నమూనాలో, అచ్చంగా రాసిన అంకెలను మింగేస్తుంది. అంకెలన్నీ పంపమని 'ఫార్వర్డ్ డిజిట్స్ ఆల్' రాయకపోతే లైన్ మీదికి ఒక్క అంకె కూడా వెళ్లదు. అన్నట్టు, ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి ముందు సున్నా ఉండాలి, 2021 జనవరి 15 నుంచి అదే రూలు.

ఇక సర్వర్ల పేర్ల సంగతి. అసలు ఈ ఉత్తరం దీనికోసమే.

చాలా ఏళ్ల కిందట ఇంకో ఊళ్లో ఒక ఆసుపత్రికి గేట్‌వే పెట్టినవాళ్లు, కాల్స్ ఎక్కడికి పంపాలో చెప్పే సెషన్ టార్గెట్‌లో ఫోన్ కంపెనీ సర్వర్ పేరు రాసి, పక్కనే కోలన్ పెట్టి 5060 అని పోర్టు (సర్వర్‌లో తలుపు నంబరు లాంటిది) కూడా రాశారు. చూడ్డానికి తప్పేముంది? ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి సిప్‌కి మామూలు పోర్టే అది. నెలల తరబడి కాల్స్ హాయిగా వెళ్లాయి. ఒక అర్ధరాత్రి కంపెనీవాళ్ల మొదటి సర్వర్ పడిపోయింది. రెండోది నిక్షేపంగా ఉంది. అయినా ఒక్క కాల్ బయటికి పోతే ఒట్టు! నన్ను లేపి తీసుకెళ్లారు. నేను వెళ్లేసరికి లేబర్ రూమ్ నర్సమ్మ, తన మొబైల్‌లో బ్యాలెన్స్ అయిపోయి, వాచ్‌మన్ ఫోన్ పట్టుకుని మత్తు డాక్టరు కోసం నంబరు మీద నంబరు కొడుతోంది. పేర్లకి అడ్రసులు అడిగే 53వ పోర్టులో పోయే ప్యాకెట్లు పట్టి చూశాను. గేట్‌వే అడుగుతున్నది ఒక్కటే, ఈ పేరుకి ఐపీ (అంకెల అడ్రసు) ఏది అని. ఒక పేరు కింద ఏయే సర్వర్లున్నాయో వరసగా చెప్పే ఎస్‌ఆర్‌వీ రికార్డు ఊసే లేదు. రెండో సర్వర్ ఉన్నదేమో ఆ రికార్డులోనే. పోర్టు మనమే చెప్పేస్తే ఎస్‌ఆర్‌వీ వెతకక్కర్లేదని సిప్ రూళ్ల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3263 చెబుతుంది, పాపం గేట్‌వే దాని ప్రకారమే నడుచుకుంది. ఆ కోలన్, నాలుగు అంకెలూ చెరిపేశాక కాల్ వెళ్లింది. డాక్టరు లుంగీ మీదే స్కూటరెక్కి వచ్చాడు.

అదీ వెంటనే వెళ్లలేదు. చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్లు పంపే యూడీపీ మీద జవాబు రాని సర్వర్‌ని వదిలిపెట్టడానికి సిప్‌కి 32 సెకన్లు పడుతుంది. అంతసేపు రిసీవర్ చెవిన పెట్టుకుని ఎవరుంటారే? కాల్ అభ్యర్థన ఎన్నిసార్లు మళ్లీ పంపాలో చెప్పే 'రిట్రై ఇన్వైట్' మామూలుగా 6 ఉంటుంది, 2 చెయ్యి. పేరుకి ఐపీ చెప్పే నేమ్ సర్వర్లు రెండు పెట్టు, అందులో ఒకటి ఆసుపత్రి లోపలే ఉండాలి. లోపలి ఫోన్ల సర్వర్‌కి పేరెందుకు, ఐపీయే రాసెయ్.

పేరు రాసినచోట ట్రస్టెడ్ లిస్టులో, అంటే ఎవరి కాల్స్ ఒప్పుకోవాలో చెప్పే జాబితాలో, ఆ కంపెనీ సర్వర్ల ఐపీలు నువ్వే చేర్చు, రెండోదాంతో సహా. చిరాకొచ్చి లిస్టే ఆపేసేవు, చంపేస్తాను! తెల్లారేసరికి ముక్కూమొహం తెలియనివాళ్లు మీ ట్రంకు మీద ఐఎస్‌డీ మాట్లాడేసి ఉంటారు. చిన్నప్పుడు నా టెస్ట్ ఫోన్ లాక్కుని ఎవరు పలికినా కబుర్లు చెప్పేదానివి. నీకు చెల్లింది, గేట్‌వేకి చెల్లదు.

వచ్చేముందు మొదటి సర్వర్ ఐపీని యాక్సెస్ లిస్టుతో అడ్డుకుని, బయటికి ఒక కాల్ చేసి చూడు. 108కి ఊరికే ఫోన్ చేసి వాళ్లని విసిగించకు, 'షో డయల్‌ప్లాన్ నంబర్ 108' కొడితే ఏ పీర్‌కి తగులుతోందో కనిపిస్తుంది. సాయంత్రమే భోంచేసి వెళ్లు, ఖాళీ కడుపుతో కాన్ఫిగ్ ముట్టుకోకు.

ఆ రాత్రి నేను మెలకువగానే ఉంటాను. తేడా వస్తే ముందు పాత కాన్ఫిగ్ ఎక్కించు, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. నీ మొబైల్ నుంచే సుమా, ఆ గేట్‌వే మీంచి కాదు.

మీ మావయ్య