జపాన్ అప్పు రెండు శాతానికే దొరుకుతుంటే ఎనిమిదిన్నర ఎందుకు కట్టాలి?

ప్రశ్న: మాది అనంతపురం. 2018లో బెంగళూరు మహదేవపురలో ఫ్లాటు కొన్నాం. ఇంటి అప్పు ఇంకా 38 లక్షలు ఉంది. వడ్డీ 8.5 శాతం, మరో 14 ఏళ్లు కట్టాలి. మా అక్కా బావగారూ యొకొహామాలో ఉంటారు. అక్కడ 2 శాతానికి అప్పు దొరుకుతుందట. 25 లక్షలు తీసి పంపిస్తాను, అదే వడ్డీతో పదేళ్లలో యెన్‌ల లెక్కన తిరిగి ఇవ్వు అంటున్నారు బావగారు. ‘మీ ఊరి మెట్రో, మీ కావేరీ నీళ్లు జపాన్ అప్పుతో వచ్చినవే కదా, ప్రభుత్వానికి లాభమైనది నీకు నష్టమవుతుందా?’ అని ఆయన వాదన. ఇంకొకటి. మా 96 ఫ్లాట్ల సముదాయానికి కావేరీ కనెక్షన్ కోసం ఫ్లాటుకు 18,500 రూపాయలు వసూలు చేస్తున్నారు. జపాన్ సాయంతో కట్టిన పథకానికి మేమెందుకు కట్టాలని సంఘంలో గొడవ. కార్పస్ నిధిలోంచి తీసి కట్టేద్దామని కొందరి మాట. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావగారి ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. అందుకే ప్రభుత్వం ఆ అప్పును ఎలా తెస్తుందో, ఎలా తీరుస్తుందో ముందు చూద్దాం. మీ రెండు సందేహాలకూ జవాబు అందులోనే ఉంది.

బెంగళూరు ‘నమ్మ మెట్రో’ తొలి దశకు 2006 మార్చిలో జపాన్ సుమారు 4,470 కోట్ల యెన్‌ల అప్పు ఇచ్చింది. అప్పట్లో ఈ వ్యవహారాలు అక్కడి అంతర్జాతీయ సహకార బ్యాంకు చూసేది, 2008 నుంచి ఆ దేశపు సహకార సంస్థ జైకా చూస్తోంది. మీ వీధికి రావలసిన కావేరీ అయిదో దశ నీటి పథకానికి 2018 జనవరిలో 4,500 కోట్ల యెన్‌లకు ఒప్పందం కుదిరింది. మెట్రో అప్పుకు వడ్డీ ఒకటిన్నర శాతం లోపే. గడువు 30 ఏళ్లు, అందులో మొదటి పదేళ్లు అసలు కట్టనక్కర్లేదు. ఇంత మెతక షరతులున్న అప్పును అంతర్జాతీయ లెక్కల్లో అభివృద్ధి సహాయం కిందే వేస్తారు. పత్రికల్లో ‘జపాన్ సాయం’ అని రావడానికి కారణం అదే. అమరావతికి కేంద్రం 15,000 కోట్లు ప్రకటించినప్పుడు అది గ్రాంటా, అప్పా అని మన వాళ్లు నెలల తరబడి వాదించుకోలేదూ? అందులో ఆసియా అభివృద్ధి బ్యాంకు వాటా కూడా యెన్‌లలో తెచ్చిన అప్పే.

ఈ అప్పును కర్ణాటక ప్రభుత్వం నేరుగా తెచ్చుకోలేదు. రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం రాష్ట్రాలు దేశం లోపలే అప్పు చేయాలి. విదేశాల నుంచి అప్పు తెచ్చేది కేంద్రం. అది రాష్ట్రానికి, అక్కడి నుంచి మెట్రో సంస్థకో, నగరానికి నీళ్లిచ్చే జలమండలికో చేరుతుంది. అసలు కిటుకు ఇక్కడుంది. 2005కు ముందు యెన్ బలపడితే ఆ భారం కేంద్రం నెత్తిన పడేది. ఆ తర్వాతి అప్పులను, ప్రత్యేక హోదా ఉన్న రాష్ట్రాలకు తప్ప మిగిలినవాటికి, తెచ్చిన షరతులతోనే యథాతథంగా బదిలీ చేస్తున్నారు. అంటే వడ్డీ చవకే, కానీ మారకపు రేటు దెబ్బ తీసుకున్నవారిదే.

ఆ దెబ్బ ఎంతో చూడండి. 2006 మార్చిలో 100 యెన్‌లు సుమారు 38 రూపాయలు. పదేళ్ల మారటోరియం ముగిసే 2016 మార్చికి దాదాపు 60. ఏడాదికి నాలుగున్నర శాతం పైగా పెరిగినట్లు. దానికి వడ్డీ కలిపితే, మొదటి రోజే తీసుకున్న ప్రతి యెన్ మీదా నిజంగా పడిన భారం ఆరు శాతం దరిదాపుల్లో ఉంటుంది. అప్పు మొత్తం ఒక్కరోజే రాదు, పనులు సాగేకొద్దీ విడతలుగా విడుదలవుతుంది కాబట్టి విడత విడతకూ లెక్క మారుతుంది. అయినా, ఒకటిన్నర శాతం అప్పు ఒకటిన్నర శాతానికే తీరలేదన్నది మాత్రం ఖాయం.

అలాగని ప్రభుత్వం తెలివితక్కువ పని చేసిందనను. ఇక్కడి మార్కెట్లో ముప్పై ఏళ్లకు ఆరు శాతం అప్పు ఎక్కడా పుట్టదు. పైగా ప్రభుత్వానికి మీకు లేని రెండు సౌకర్యాలున్నాయి. ఒకటి, ముప్పై ఏళ్లు ఓపిక పట్టగలగడం. యెన్ ఒకచోట నిలిచేది కాదు. 2007 నడుమ 100 యెన్‌లు 33 రూపాయల దగ్గర ఉండి, 2012లో 70 దాకా ఎగబాకి, 2024లో మళ్లీ 50 చిల్లరకు దిగింది. ముప్పై ఏళ్ల వాయిదాలు కట్టేవారికి ఈ ఎత్తుపల్లాలు కొంతవరకు సర్దుకుంటాయి. రెండోది, ధర పెంచే అధికారం. 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ టికెట్ 60 నుంచి 90 రూపాయలకు చేరింది. అదే ఏప్రిల్‌లో, 2014 తర్వాత తొలిసారిగా, జలమండలి నీటి ధర పెంచింది. ఇకపై ఏటా మూడు శాతం పెంచుతామనీ చెప్పింది. ఈ పెంపులకు అప్పు ఒక్కటే కారణం కాదు, కరెంటు ఖర్చు, నిర్వహణ కూడా ఉన్నాయి. కానీ అప్పు తీరేది ఆ టికెట్ల నుంచీ, ఆ బిల్లుల నుంచీ, అవి చాలకపోతే పన్నుల నుంచీ మాత్రమే. మీ జీతం పెంచడానికి మాత్రం ఎవరూ కమిటీ వేయరు.

ఇప్పుడు మీ 25 లక్షల సంగతి. 100 యెన్‌లకు 55 రూపాయల చొప్పున వేసుకుంటే, పదేళ్లకు 2 శాతం మీద నెలకు సుమారు 41,800 యెన్‌లు, అంటే 23,000 రూపాయలు కట్టాలి. అదే 25 లక్షలకు పదేళ్ల గడువుతో 8.5 శాతం మీద నెలకు 31,000. తేడా పెద్దదే. యెన్ 70కి పెరిగినా వాయిదా 29,300 దగ్గరే ఆగుతుంది. లెక్క బావగారి వైపే మొగ్గుతోందని నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఆ లెక్కలో రెండు లోపాలున్నాయి. మొదటిది, పోల్చవలసింది 8.5తో కాదు. మీరు అసలు అంత వడ్డీ కట్టనవసరమే లేదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. మీ వడ్డీ 7.75 దాకా తగ్గించుకోగలిగితే, యెన్ పాత పదేళ్లలాగే పెరిగిందనుకుంటే మీకు మిగిలేది ఏడాదికి ఒక శాతం లాభం. అసలు నెలనెలా తరిగిపోతుంది కాబట్టి పదేళ్లలో మొత్తం కలిపి లక్షన్నర కూడా దాటదు. రెండోది, నష్టానికి మాత్రం హద్దు లేదు. 2007 నుంచి 2012 మధ్య జరిగినట్లు యెన్ రెట్టింపైతే మీ నెలవాయిదా 46,000 అవుతుంది. అప్పటికి మిగిలిన అసలు కూడా రూపాయల్లో రెట్టింపవుతుంది. ఆ అయిదేళ్లలో చవక వడ్డీ చూసి యెన్‌లలో అప్పు తెచ్చిన మన కంపెనీలు కొన్ని బాగా దెబ్బతిన్నాయి. వాటికి మారకపు రేటు బీమా లాంటి హెడ్జింగ్ చేసుకునే దారైనా ఉంది. ఇంటి వాయిదా కట్టే ఉద్యోగికి ఆ ఖర్చు గిట్టదు.

దానికి తోడు, బావగారు అక్కడ ఏ పేరుతో అప్పు తీస్తున్నారో కూడా అడగండి. జపాన్‌లో ఇంటి అప్పులు చవక. కానీ ఇంటికని తీసుకుని ఇంకోచోటికి మళ్లిస్తే ఏ బ్యాంకూ ఊరుకోదు. పైగా 2024 మార్చిలో అక్కడి కేంద్ర బ్యాంకు మైనస్ వడ్డీకి స్వస్తి చెప్పి, తర్వాత పెంచుతూ వస్తోంది. ఆ రెండు శాతం స్థిరమైనదా, మారేదా? మారేదైతే మీకు రెండు వైపులా పోటు.

వీటన్నిటికీ ముందు చట్టం అడ్డుంది. విదేశాల్లో ఉన్న దగ్గరి బంధువు నుంచి భారత్‌లో నివసించే వ్యక్తి రెండున్నర లక్షల డాలర్ల విలువ వరకు విదేశీ మారకంలో అప్పు తీసుకోవచ్చు. అయితే గడువు కనీసం ఏడాది ఉండాలి, డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఆ అప్పుకు వడ్డీ ఉండకూడదు. కాబట్టి ‘2 శాతం వడ్డీతో యెన్‌లలో’ అన్న ఒప్పందం మొదటి మెట్టు దగ్గరే తప్పిపోతుంది. బంధువు ఎవరన్నది కంపెనీల చట్టంలోని జాబితాను బట్టి తేలుతుంది. అందులో తోబుట్టువులు ఉన్నారు, తోబుట్టువుల భర్తలు లేరు. అంటే మీ అక్కయ్య ఇవ్వవచ్చు, బావగారు ఇవ్వకూడదు! ఆదాయపు పన్ను చట్టంలో మాత్రం ఆయన కూడా మీకు బంధువే. ఇద్దరిలో ఎవరు బహుమతిగా ఇచ్చినా మీకు ఇక్కడ పన్ను పడదు. ఈ నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి, ఏ డబ్బైనా బయల్దేరే ముందే మీ బ్యాంకు విదేశీ మారక విభాగంలో రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

అయితే బహుమతి అని రాసి లోపల అప్పుగా నడుపుదామా అంటారేమో, వద్దు. రేపు తిరిగి పంపేటప్పుడు దాన్ని ఏమని చూపిస్తారు? పైగా జపాన్‌లో బహుమతి పన్ను ఉంది, అది పుచ్చుకున్నవారి మీద వేస్తారు. ఏడాదికి 11 లక్షల యెన్‌ల వరకే మినహాయింపు. అది మీకు వర్తిస్తుందా లేదా అన్నది వాళ్ల వీసానుబట్టీ నివాసాన్నిబట్టీ తేలాలి, అక్కడి పన్ను నిపుణుణ్ణి అడగమనండి. అక్కయ్య వడ్డీ లేకుండా ఇస్తానంటే చట్టం ఒప్పుకుంటుంది. కానీ అక్కడ బ్యాంకుకు వడ్డీ కట్టేది వాళ్లు, యెన్ పెరిగితే ఇబ్బందిపడేది మీరు. అక్కాతమ్ముళ్ల మధ్య పదేళ్లు మోయవలసిన బరువా ఇది? నేనైతే సరేననను.

ఇప్పుడు మీ 8.5 సంగతి. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీని, 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. అయినా మీ వడ్డీ కదలలేదంటే, మీ అప్పు ఇంకా పాత ఎంసీఎల్ఆర్ పద్ధతిలోనే, అంటే బ్యాంకు తన ఖర్చులను బట్టి తానే రేటు కట్టే పద్ధతిలోనే, ఉండి ఉంటుంది. కొత్త ఇంటి అప్పులను రెపో వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టడం 2019 అక్టోబరు నుంచే బ్యాంకులకు తప్పనిసరి అయింది. మీరు 2018లో తీసుకున్నారు. పాతవారు అడిగితేనే మారుస్తారు, అడగనివారికి ఎవరూ ఫోను చేసి చెప్పరు. బ్యాంకుకు వెళ్లి మార్చమనండి, చిన్న రుసుము ఉంటుంది. వాళ్లు ఇచ్చే రేటు నచ్చకపోతే ఇంకో బ్యాంకుకు బదిలీ చేసుకోండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ (మారే వడ్డీ) ఇంటి అప్పు ముందే తీర్చినందుకు జరిమానా వేయకూడదు. కొత్త బ్యాంకులో ప్రాసెసింగ్ ఫీజు, పత్రాల ఖర్చు మాత్రం ముందే కనుక్కోండి.

7.75 దొరికిందనుకుందాం. ఇప్పుడు కడుతున్న సుమారు 38,750 రూపాయల వాయిదాను తగ్గించకుండా అలాగే కొనసాగిస్తే అప్పు ఏడాది ముందే తీరుతుంది. అంటే నాలుగున్నర లక్షలకు పైగా మిగులు. యెన్ పాత పదేళ్లలాగే పెరిగితే మిగిలే లక్షన్నర కంటే ఇది ఎక్కువ, దీనికి మీరు చేయవలసింది ఒక దరఖాస్తు. బ్యాంకు వాళ్లు వాయిదా తగ్గించమంటారా అని అడుగుతారు. గడువే తగ్గించండి అని రాతలో ఇవ్వండి.

ఇక నీళ్ల గొడవ. అయిదో దశ 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం, మీ మహదేవపుర వైపు కూడా అందులోదే. 2024 అక్టోబరులో ప్రారంభమైంది. మండ్య జిల్లాలోని తొరెకాడనహళ్లి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, అదీ ఎత్తుకు, రోజుకు 77.5 కోట్ల లీటర్లు తోడే సామర్థ్యంతో కట్టారు. ‘జపాన్ కట్టించింది, మనమెందుకు కట్టాలి’ అనేవారికి జవాబు పైన చెప్పిందే. అప్పు ఇచ్చింది జపాన్, తీర్చవలసింది మనం. కనెక్షన్ రుసుము కట్టనంటే అప్పు మాఫీ కాదు, నీళ్లు మాత్రం రావు.

మీ సముదాయం ట్యాంకర్లకు ఎంత పెడుతోందో మీరు రాయలేదు. రోజుకు రెండు ట్యాంకర్లు, ఒక్కోటి 1,200 రూపాయలు అనుకుంటే ఫ్లాటుకు నెలకు 750. 2024 మార్చి ఎద్దడిలో అధికారులు 12,000 లీటర్ల ట్యాంకరుకు అయిదు కిలోమీటర్ల లోపైతే 1,000 రూపాయలని ధర కట్టారు, కాబట్టి ఇది అత్యుక్తి కాదు. కావేరీ బిల్లు అందులో సగం అయినా, మీ 18,500 సుమారు నాలుగేళ్లలో తిరిగి వస్తుంది. మండు వేసవిలో ట్యాంకరువాడు చెప్పిన ధరకు తల ఊపే బాధ కూడా తప్పుతుంది. కట్టండి.

కార్పస్ నుంచి మాత్రం వద్దు. అది లిఫ్టులు, జనరేటరు, పైకప్పు మరమ్మతుల కోసం దాచినది. 96 ఫ్లాట్ల లెక్కన ఇది 17.76 లక్షలు, ఒకేసారి తీస్తే మళ్లీ నిండదు. యజమానుల నుంచి మూడు విడతల్లో వసూలు చేయండి. ఇది ఆస్తికి చేరే ఖర్చు కాబట్టి అద్దెకుండేవారి మీద వేయకండి, నెలవారీ నీటి బిల్లు వాళ్లు కడితే చాలు. జలమండలి కూడా వాయిదాలకు ఒప్పుకుంటుందేమో మీ ఉపవిభాగం కార్యాలయంలో అడగండి. 18,500 ఎలా వచ్చిందో, అందులో బోర్డు రుసుమెంత, లోపలి పైపుల పని ఎంత అని సంఘం విడగొట్టి చూపించాలి. ఆ విడి లెక్క చేతికొచ్చాకే మొదటి విడత ఇవ్వండి.