పాఠకుల ప్రశ్నలు: తక్కువ ఖర్చులో థార్ ఎడారికి

ప్రశ్న: డిసెంబరు చివర్లో నలుగురం కలిసి జైసల్మేర్, తనోట్, లోంగేవాలా చూసి రావాలనుకుంటున్నాం. ఎనిమిది రోజుల సెలవు ఉంది. హైదరాబాద్ నుంచి మా చిన్న కారులోనే వెళ్తే ఖర్చు కలిసొస్తుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కలిసిరాదు. జైసల్మేర్ ఒక వైపే 1,700 కిలోమీటర్లు దాటుతుంది. నిదానంగా నడిపితే పోను మూడు రోజులు, రాను మూడు రోజులు. టోల్, దారిలో లాడ్జీలు అదనం. జోధ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి అక్కడ కారు అద్దెకు తీసుకోండి. కారు ఇసుకలోకి దింపకూడదన్న షరతు ఒప్పందంలో ఉందేమో ముందే చదువుకోండి. ఉంటే ఆ నష్టం మీ మీదే పడుతుంది.

పెట్రోలు లెక్క ఇది: జోధ్‌పూర్–జైసల్మేర్ రానూపోనూ 560 కిలోమీటర్లు, తనోట్ చుట్టు 270, సమ్ ఇసుక దిబ్బలకు 85. ఊళ్లో తిరగడం కలుపుకొని వెయ్యి అనుకోండి. లీటరుకు 15 ఇచ్చే కారుకు 67 లీటర్లు చాలు.

బస జైసల్మేర్ ఊళ్లో పెట్టుకుంటే సమ్ గుడారాల కంటే చవక. కోట లోపల మాత్రం వద్దు. అక్కడ వాడిన నీరు కింది నేలలోకి ఇంకి ఆ పాత గోడలు దెబ్బతింటున్నాయి.

తనోట్ రోజు పొద్దున్నే బయల్దేరాలి. డిసెంబరులో అక్కడ తెల్లవారేది ఏడు దాటాకే, ఆరు లోపే పొద్దు గుంకుతుంది. చీకటి పడితే ఒంటెలు, ఆవులు రోడ్డు మీదికి వచ్చేస్తాయి, తారు మీద మేటేసిన ఇసుక కనపడదు. దారిలో వచ్చే రామ్‌గఢ్ ఊళ్లో ట్యాంకు నింపేయండి, ముందు బంకు దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఫోన్ సిగ్నల్ కూడా అక్కణ్నుంచి అంతంతమాత్రమే, మ్యాపు ముందే దింపి ఉంచుకోండి. తనోట్ మాత గుడిని సరిహద్దు భద్రతా దళం చూసుకుంటుంది. 1965 యుద్ధంలో పేలని బాంబులు అక్కడ ఉన్నాయి. అక్కణ్నుంచి 1971లో యుద్ధం జరిగిన లోంగేవాలా మీదుగా తిరిగి రామ్‌గఢ్ చేరవచ్చు. సైనిక స్థావరాలను ఫోటో తీయకండి. తనోట్ దాటి సరిహద్దు స్తంభం వరకు వెళ్లాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి.

మనిషికి రోజుకు 5 లీటర్ల నీళ్లు, స్టెప్నీలో గాలి, జాకీ, పంక్చర్ కిట్, 12 వోల్టుల గాలి పంపు: వీటిలో పైసా మిగల్చాలని చూడకండి. రాత్రి చలి గట్టిగా ఉంటుంది, స్వెటరుతో సరిపోదు.

ప్రశ్న: ఇసుకలో చక్రం దిగిపోతే?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: యాక్సిలరేటర్ వెంటనే వదిలేయండి. చక్రం తిరిగినకొద్దీ గుంత లోతవుతుంది, చివరికి కారు పొట్ట ఇసుక మీద ఆనుకుంటుంది. అప్పుడు ట్రాక్టరు తప్ప దారి లేదు. మొదట చక్రాలకు ఎదురుగా, కారు అడుగున ఇసుక చేత్తో తోడేయండి. టైర్ల గాలి 18–20 పీఎస్ఐకి దించండి. టైరు నేలకు ఆనే భాగం పొడవై, బరువు పరుచుకుంటుంది. కాళ్ల కింది మ్యాట్లు ముందు చక్రాల కింద దూర్చి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, మెల్లగా కదపండి. అదే దారిన వెనక్కి రావడం చాలాసార్లు తేలిక, అలాగైతే మ్యాట్లు చక్రాల వెనక వైపు వేయాలి. మ్యాట్లు ఎగిరి పడతాయి కాబట్టి చక్రాలకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తారు ఎక్కగానే, వేగం పెంచకముందే, డోరు పక్కన రాసి ఉన్న కొలతకు గాలి మళ్లీ నింపండి.