రెండో చరణం తీసేయొద్దు పాపా

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పిల్లల పాటల పోటీ కార్యక్రమంలో నీకు అసిస్టెంట్ ప్రొడ్యూసర్ ఉద్యోగం వచ్చిందట, సోమవారం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌కు బయల్దేరుతున్నావట. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వెళ్తున్నది నువ్వే. వీధిలో నలుగురికీ చెప్పుకొచ్చా. పిల్లల కార్యక్రమం అన్న మాట మాత్రం పడుకున్నాక కూడా వదల్లేదు.

పని త్వరగానే పట్టుబడుతుంది. కాల్ షీట్, అంటే ఎవరు ఎన్నింటికి ఎక్కడికి రావాలో రాసిన కాగితం, ముందు రోజే పంపు. పాటల హక్కులు షూటింగ్‌కు ముందే తేల్చుకో. 2012లో కాపీరైట్ చట్టం మారాక పాట రాసినవాళ్లకూ, స్వరపరిచినవాళ్లకూ రాయల్టీ హక్కు గట్టిపడింది, కాబట్టి ఎవరి పాట ఎంతసేపు వాడారో క్యూ షీట్‌లో పక్కాగా ఉండాలి. సౌండ్ మీటర్లో గీతలు లేస్తున్నాయని నమ్మకు, హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. రికార్డింగ్ రెండు చోట్ల దాచు. మన తాళ్లపాక అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పారంటారు. మనకు దక్కినవి సుమారు 14 వేలు, అవీ రాగిరేకుల మీద చెక్కించబట్టే. కాపీ తీయడానికి బద్ధకమేసినప్పుడు ఆ రేకుల్ని తలుచుకో.

ఇక నేను మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పని సంగతి.

1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. బాలు గారు తప్పు చెప్పినా పిల్లలు నొచ్చుకోకుండా చెప్పేవారు. తర్వాత కొన్నేళ్లకు నేను వేరే ఛానెల్లో అలాంటిదే చేశా. ప్రొద్దుటూరు నుంచి పదకొండేళ్ల పిల్లవాడు వచ్చాడు. వాళ్ల నాన్న మగ్గం నేసేవాడు. ఆ రోజు మోహన రాగంలో పాట. రెండో చరణంలో పై షడ్జం, అంటే పై ‘స’ మీద వాడు నిలబడిన తీరుకు తబలా ఆయన వాయిస్తూనే తలెత్తి చూశాడు. అయినా మార్కులు చాల్లేదు. పేరు చదవగానే వాడి పెదవి వణికింది. హెడ్‌సెట్‌లో ‘టైట్‌గా వెళ్లు’ అని, అంటే మొహాన్ని బాగా దగ్గరగా చూపించమని, కెమెరామన్‌కు చెప్పింది నేనే. వాడు రెండు చేతులతో మొహం కప్పుకుంటే రెండో కెమెరాను వాళ్ల అమ్మ మీదికి తిప్పించింది కూడా నేనే.

ఎడిటింగ్‌లో నిడివి ఎక్కువైంది. ఏడుపు ఉంచి రెండో చరణం కోసేశా. ఆ ఏడుపునే వారమంతా ప్రోమోగా వేశాం. బడిలో పిల్లలు వాణ్ణి చూసి మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చినట్టు నటించేవారట. వాడు పాట మానేశాడు.

విషయం తెలిసి వాళ్ల ఇంటికి వెళ్లా. వాళ్ల నాన్న ఒక్క మాట అనలేదు, మజ్జిగ తెప్పించాడు. ‘రెండో చరణం బాగా పాడినాడని చుట్టాలందర్నీ పిలిచి కూర్చోబెట్టినాం. అది యాడికి పాయ సార్?’ అని మాత్రం అడిగాడు. పిల్లవాడు లోపలి నుంచి రాలేదు. పూర్తి పాట కాపీ తెచ్చిస్తానని మాటిచ్చి వచ్చా. ఆఫీసులో వెతికితే ఆ టేపు మీద అప్పటికే ఇంకో ఎపిసోడ్ రికార్డు చేసేశారు. మళ్లీ ప్రొద్దుటూరు వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు.

నీకిప్పుడు చట్టం తోడుంది. బాల కార్మిక చట్టం కింద 2017లో మారిన నిబంధనల ప్రకారం, పిల్లల చేత రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. పిల్లల ఇష్టానికి వ్యతిరేకంగా ఏదీ చేయించకూడదని కూడా అందులోనే ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకో. పైవాళ్లు టీఆర్‌పీ అంటారు. ‘నేను కొత్తదాన్ని మామా, ఏం చేసేది’ అని నాతో అనొద్దు, ఆ రోజుల్లో నేనూ అదే అనుకున్నా. భయమేస్తే ఆ నిమిషంలోనే ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

ఓడిన పిల్లల్ని స్టేజీ దిగగానే కెమెరా లేని గదికి తీసుకెళ్లు, మంచినీళ్లివ్వు. పూర్తి పాట అదే రోజు వాళ్ల అమ్మానాన్నల చేతిలో పెట్టు. ఇరవై పెన్‌డ్రైవ్‌లు కొన్నా. మీ అత్త చేసిన ఓళిగల డబ్బాతో పాటు రైలు దగ్గరికి తెస్తా. అయిపోతే చెప్పు, ఇంకా పంపుతా.

మీ మామ