బరువు మోసుకుంటూ నడిస్తే ‘పని’ సున్నా ఎలా అవుతుంది?

యాభై కిలోల బస్తాను భుజాన వేసుకుని వంద మీటర్లు నడిచినా భౌతికశాస్త్రం లెక్కలో చేసిన పని సున్నా అంటే, మరి కారిన చెమట సంగతేమిటని ఒకరు అడిగారు. కర్నూలులో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. అడగకుండా రాసుకుపోయే వాళ్ళ గురించే నా బెంగ.

ఏ బలం, దేని మీద చేసిన పని? ముందు ఇది తేలాలి. పని అంటే బలాన్ని కదిలిన దూరంతోనూ, ఆ రెండు దిశల మధ్య కోణపు కొసైన్‌తోనూ గుణిస్తే వచ్చేది. మా మార్కెట్ యార్డుకు ఉల్లి వచ్చే రోజుల్లో హమాలీలను గమనిస్తే తేడా తెలుస్తుంది. నేల మీది బస్తాను 1.2 మీటర్ల ఎత్తున్న లారీలోకి నిదానంగా ఎత్తితే బలమూ పైకే, కదలికా పైకే. బస్తా బరువు 50 × 9.8 (గురుత్వ త్వరణం), దాన్ని ఎత్తు 1.2తో గుణిస్తే 588 జౌళ్ళు (పనికీ, శక్తికీ కొలమానం జౌలు). చదును నేల మీద నడిచేటప్పుడు భుజం నెట్టేది పైకి, బస్తా సాగేది ముందుకు. మధ్య కోణం 90 డిగ్రీలు, దాని కొసైన్ సున్నా. బయలుదేరేటప్పుడు బస్తా మీద కాస్త ధన పని జరుగుతుంది, ఆగేటప్పుడు అంతే ఋణ పని జరిగి చెల్లిపోతుంది.

చెమట లెక్క వేరు. కండరం బిగిసి ఉండాలంటే లోపలి పోగులు ఆగకుండా లాగుతూ, వదులుతూ ఉండాలి. తిన్న తిండిలోని శక్తి అక్కడ ఖర్చయి వేడిగా పోతుంది. అదే బస్తాను బల్ల మీద పెట్టండి, బల్ల కూడా అంతే బలంతో పైకి నెడుతుంది, దానికి ఆకలి వేయదు. బలాన్ని దూరంతో గుణించి ‘పని’ అని పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్ 1829లో రాసింది యంత్రాల గురించి. యంత్రానికి అలసట లేదు, ఆ సూత్రంలోనూ లేదు.

వాలుగా చెక్క వేసుకుని లారీ ఎక్కినా బస్తాకు దక్కే శక్తి అదే 588 జౌళ్ళు. కాకపోతే 60 కిలోల మనిషి తన ఒంటిని కూడా పైకి చేర్చుకోవాలి, అది మరో 706 జౌళ్ళు. బస్తాకంటే ఎక్కువే! కూలి మాత్రం బస్తాల లెక్కనే ఇస్తారు.

ఇక దించడం మీద ప్రశ్న వస్తే ప్లస్సా, మైనస్సా అన్న గుర్తు చూసుకోండి. నెమ్మదిగా దించేటప్పుడు చేతుల బలం పైకి, బస్తా కదలిక కిందికి. చేతులు చేసిన పని మైనస్ 588 జౌళ్ళు, గురుత్వాకర్షణ చేసింది ప్లస్ 588. మా పిల్లలకు ఎక్కువగా మార్కులు పోయేది ఇక్కడే.